లైసెన్సు ఇచ్చాక అడిగేదెవరు?

2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఒక లేఖ రాసింది. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకోకూడదన్నది అందులోని మాట. మర్నాడే ఆ లేఖను వెనక్కి తీసుకుంటూ మరో లేఖ వచ్చింది. అంతకు అయిదు నెలల ముందు, ఏప్రిల్‌లో, జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ విడుదల చేసిన ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళిక మాత్రం పేరు ముందు ‘డాక్టర్’, వెనక ‘పీటీ’ పెట్టుకోవచ్చంది. ఒకే ప్రభుత్వం, రెండు గొంతులు. మధ్యలో వైద్యుల సంఘాలూ ఫిజియోల సంఘాలూ పోటాపోటీగా ప్రకటనలిచ్చాయి. బోర్డు మీద ఏ రెండక్షరాలు ఉండాలన్న దాని మీద ఇంత రభస జరిగింది గానీ, బోర్డు వెనకున్న గదిలో జరిగే పనిని ఎవరు చూస్తున్నారన్న ప్రశ్న పెద్దగా వినపడలేదు. పదిహేనేళ్ల కిందట పట్టా పుచ్చుకున్న ఒక ఫిజియో ఇవాళ పక్షవాతం రోగి చెయ్యిని ఎలా పట్టుకుంటున్నాడో, ఏం రాసి పెట్టుకుంటున్నాడో అడిగే అధికారం ఎవరికైనా ఉందా? ఉంటే ఆ అధికారం ఎప్పుడైనా వాడారా? వృత్తిని నియంత్రించడమంటే తలుపు దగ్గర నిలబడి టికెట్టు చూసి పంపడం కాదు, లోపలికి వెళ్లాక జరిగేదాన్ని క్రమం తప్పకుండా చూడటం. అది ఎలా చేయాలో, ఎక్కడ తేడా కొడుతుందో తెలుసుకోవడానికి కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో కైనీసియాలజిస్టులనే ఒక చిన్న వృత్తి వర్గం ఉదాహరణ మనకు బాగా పనికొస్తుంది.

కైనీసియాలజిస్టు అంటే మనిషి కదలికను చదువుకున్నవాడు. కండరం, కీలు, గుండె, ఊపిరి, శ్రమ, అలసట ఇవన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో నాలుగేళ్ల డిగ్రీలో నేర్చుకుంటాడు. గాయపడ్డవాళ్లకు, గుండెజబ్బు వచ్చి తేరుకుంటున్నవాళ్లకు, ఫ్యాక్టరీలో నడుం పట్టేసిన కార్మికులకు, ఆటగాళ్లకు వ్యాయామంతో సత్తువ తిరిగి తెప్పించడం అతని పని. మన దగ్గర ఇంచుమించు ఈ పనంతా ఫిజియోథెరపిస్టే చేస్తాడు. అక్కడ ఈ రెండూ వేర్వేరు వృత్తులు. ఒంటారియోలో ఆరోగ్య వృత్తులన్నిటికీ కలిపి 1991లో ఒక చట్టం చేశారు. ఒక్కో వృత్తికి ఒక్కో ‘కాలేజీ’ ఉంటుంది. పేరుకు కాలేజీయే గానీ పాఠాలు చెప్పేది కాదు, మన మెడికల్ కౌన్సిల్ లాంటి నియంత్రణ సంస్థ. ఇప్పుడు అలాంటివి 26 ఉన్నాయి. కైనీసియాలజిస్టులను కూడా నియంత్రించాలని అక్కడి సలహా మండలి 2006లో సిఫార్సు చేసింది. 2007 జూన్‌లో కైనీసియాలజీ చట్టం ఆమోదం పొందింది. కాలేజీ తలుపులు తెరిచింది మాత్రం 2013 ఏప్రిల్ 1న. అంటే చట్టానికీ అమలుకూ మధ్య దాదాపు ఆరేళ్లు. ఆలస్యం మన సొత్తే అనుకునేవాళ్లకు ఇదొక ఊరట. కాకపోతే వాళ్లు ఆ ఆరేళ్లలో నియమావళి, ప్రవేశ పరీక్ష, నమోదు పద్ధతి సిద్ధం చేసుకున్నారు. కెనడాలో ఈ వృత్తిని చట్టం కిందికి తెచ్చిన మొదటి రాష్ట్రం అదే.

దీని మీద అప్పుడూ ఇప్పుడూ వినిపించే మొదటి అభ్యంతరం, ఇంత చిన్న పనికి ఇంత చట్టం ఎందుకని. ఇది కొట్టిపారేయాల్సిన వాదన కాదు. ఒంటారియో చట్టంలో ‘నియంత్రిత చర్యలు’ అని ఒక జాబితా ఉంది. శరీరాన్ని కోయడం, జబ్బు ఇదీ అని నిర్ధారించి చెప్పడం, మందు రాయడం లాంటి ప్రమాదకరమైన పనులు అందులో ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా కైనీసియాలజిస్టుకు ఇవ్వలేదు. కత్తి లేదు, సూది లేదు, మందుచీటీ లేదు. మరి హాని ఎక్కడుంది? హాని అతను రాసే కాగితంలో ఉంది. ఒక గోదాములో బరువులెత్తే కార్మికుడికి నడుం దెబ్బతింది అనుకుందాం. మూడు నెలల తర్వాత అతను పనిలోకి వెళ్లగలడా లేదా అన్నది తేల్చడానికి సామర్థ్య పరీక్ష చేయిస్తారు. నేల మీది పెట్టెను నడుం ఎత్తుకు లేపమంటారు. కొద్దికొద్దిగా బరువు పెంచుతారు. గుండె వేగం చూస్తారు, వెన్ను వంగే తీరు చూస్తారు. ఒక బరువు దగ్గర అతను ‘ఇక నావల్ల కాద’ని ఆగిపోతాడు. ఆగింది సత్తువ లేకా, నొప్పికా, భయానికా, లేక పనిలోకి వెళ్లడం ఇష్టం లేకా? పరీక్ష చేసిన మనిషి దానికేం రాస్తే బీమా సంస్థ అదే చదువుతుంది, యజమాని అదే చదువుతాడు. ఒక్క వాక్యం తేడాగా రాస్తే ఆ కార్మికుడు కోలుకోని నడుంతో మళ్లీ పెట్టెల దగ్గరికి వెళ్తాడు, లేదా పరిహారం ఆగిపోయి ఇంట్లో కూర్చుంటాడు. దీనికి తోడు ఒంటరి గది, రోగి శరీరాన్ని తాకే పని, వారాల తరబడి సాగే పరిచయం, రోగి గురించిన రహస్య సమాచారం. కత్తి లేనంత మాత్రాన ప్రమాదం లేదనుకోవడం, ప్రమాదమంటే రక్తం కారడమే అనుకునేవాళ్ల పొరపాటు.

చట్టం చేసిన మొదటి మేలు బిరుదును కాపాడటం. కాలేజీలో నమోదు కానివాళ్లు ఒంటారియోలో కైనీసియాలజిస్టునని చెప్పుకోకూడదు. ఇది ఊరికే పరువు కోసం పెట్టుకున్న కంచె కాదు. 1964లో అమెరికాలో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ ‘అప్లైడ్ కైనీసియాలజీ’ అని ఒక పద్ధతి మొదలుపెట్టాడు. చెయ్యి చాపమని, దాన్ని కిందికి నొక్కి చూసి, కండరం ఎంత గట్టిగా నిలబడిందన్న దాన్ని బట్టి లోపలి అవయవాల జబ్బులూ తిండి పడకపోవడాలూ చెప్పేయొచ్చన్నది ఆ పద్ధతి సారం. నిష్పక్షపాతంగా జరిపిన పరీక్షల్లో అది కాకతాళీయం కంటే మెరుగ్గా నిలవలేదు. అయినా పేరులో అదే మాట ఉంది. జబ్బుతో వచ్చిన మనిషికి ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? కాలేజీ వెబ్‌సైటులో పేరు కొట్టి చూస్తే తెలుస్తుంది. నమోదు ఉందో లేదో, ఆంక్షలేమైనా ఉన్నాయో, క్రమశిక్షణ చర్య జరిగిందో అక్కడ అందరికీ కనిపిస్తుంది. బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో కొడుకు దగ్గరికి వెళ్లి, మోకాళ్ల నొప్పులకు అక్కడి క్లినిక్ మెట్లెక్కే తెలుగు తల్లిదండ్రులకూ ఈ సదుపాయం ఉంది. దాన్ని వాడుకునేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి.

అయితే బిరుదుతో, ప్రవేశ పరీక్షతో ఆగిపోతే అది సగం పనే. ఎందుకో చెప్పే ఆధారాలు వైద్య రంగంలో గట్టిగానే ఉన్నాయి. 2005లో చౌధరి, ఫ్లెచర్, సౌమెరై అనే పరిశోధకులు ‘యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో ఒక సమీక్ష ప్రచురించారు. వైద్యుడి అనుభవానికీ వైద్యం నాణ్యతకూ ఉన్న సంబంధాన్ని చూసిన 62 అధ్యయనాలను వాళ్లు జల్లెడ పట్టారు. వాటిలో 32, అంటే సగానికి పైగా, చూసిన ప్రతి కొలమానంలోనూ ఏళ్లు గడిచేకొద్దీ పనితీరు తగ్గిందని చెప్పాయి. చేయి తిరిగినవాడన్న మన నమ్మకానికి ఇది ఎదురుదెబ్బే. అనుభవం వల్ల చేతికి వేగం వస్తుంది, మాటకు ధీమా వస్తుంది. కొత్త జ్ఞానం మాత్రం దానంతటది రాదు. పోనీ, తనకేం తెలియదో మనిషికే తెలుస్తుంది కదా, తనే చదువుకుంటాడు కదా అంటే అక్కడా చిక్కే. 2006లో ‘జామా’ పత్రికలో డేవిస్ బృందం వేసిన సమీక్ష, వైద్యులు తమను తాము అంచనా వేసుకున్న తీరును బయటివాళ్ల కొలతతో పోల్చి చూసింది. మొత్తం 20 పోలికల్లో 13 చోట్ల ఆ రెండింటికీ పొంతన అంతంత మాత్రం, లేదా అసలు లేదు, లేదా తలకిందులు. అందరికంటే తక్కువ నైపుణ్యం ఉన్నవాళ్లూ అందరికంటే ఎక్కువ ధీమా ఉన్నవాళ్లే తమ గురించి ఎక్కువ తప్పుగా అంచనా వేసుకున్నారని కొన్ని అధ్యయనాల్లో తేలింది. ఇవి వైద్యుల మీద జరిగిన పరిశోధనలు, కైనీసియాలజిస్టుల మీదో ఫిజియోల మీదో కాదు. ఆ మాట నిజమే. కానీ వైద్యుల మీద ఉన్నన్ని చూపులు, పత్రికలు, ఆస్పత్రి సమావేశాలు లేని వృత్తుల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి కారణం కనపడదు.

అందుకే ఒంటారియో చట్టం ప్రతి కాలేజీకీ నాణ్యతా భరోసా కార్యక్రమాన్ని తప్పనిసరి చేసింది. అందులో కనీసం ఉండాల్సినవేమిటో కాలేజీల ఇష్టానికి వదిలేయకుండా చట్టమే చెప్పింది. నిరంతర విద్య ఉండాలి, స్వీయ మదింపు ఉండాలి, తోటి వృత్తివాళ్ల మదింపు ఉండాలి, ఇవన్నీ సభ్యుడు చేస్తున్నాడో లేదో కాలేజీ గమనించే ఏర్పాటు ఉండాలి. మొదటి రెండూ కాగితం మీద తేలిగ్గా నడిచిపోతాయి. అసలు పస మూడోదాంట్లో ఉంది. అదే వృత్తిలో ఉండి, మదింపు చేయడంలో శిక్షణ పొందిన మరొకరు వచ్చి కేస్ రికార్డులు తీసి చూస్తారు, వాటి గురించి అడుగుతారు. ఉదాహరణకు ఒక రికార్డులో ‘నడుం నొప్పి, వ్యాయామాలు చేయించాం, కొంత నయం’ అని ఉందనుకోండి. రాత్రి పడుకున్నప్పుడు నొప్పి పెరుగుతోందా అని అడిగారా? మూత్రం ఆగిపోవడం గానీ, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం గానీ ఉందా? ఉంటే అది వెన్నెముక అడుగున నరాలు నలిగిపోతున్న సూచన, వ్యాయామం ఆపి ఆ పూటే ఆస్పత్రికి పంపాల్సిన కేసు. అడిగి ఉంటే ఎక్కడ రాశారు? రాయకపోతే అడిగినట్టు ఎలా తెలుస్తుంది? ఈ వ్యాయామమే ఎందుకు ఎంచుకున్నారు, రోగికి మధుమేహం ఉండి ఉంటే ఏం మార్చేవారు? ఇలాంటి ప్రశ్నలకు సదస్సు సర్టిఫికెట్లు చూపించి తప్పించుకోవడం కుదరదు. ఇవి తెలివితేటలకు పెట్టే పరీక్ష కాదు, రోజూ చేసే పనిని పట్టి చూసే పరీక్ష.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే సెక్షన్ పెద్దగా చర్చకు రాదు. అది 83.1. నాణ్యతా కమిటీ ఒక సభ్యుడి గురించి సేకరించిన సమాచారాన్ని, పరిమితమైన మినహాయింపులు తప్ప, కాలేజీలోని మిగతా కమిటీలకు ఇవ్వకూడదని అది చెబుతుంది. అంటే మదింపు చేసేవాడి ముందు ‘ఈ కేసులో నాకు సందేహం వచ్చింది, సరిగ్గా చేశానో లేదో తెలియదు’ అని ఒప్పుకున్నందుకు ఆ మాటే రేపు క్రమశిక్షణ విచారణలో సాక్ష్యమై కూర్చోదు. తెలిసీ అబద్ధం చెబితే మాత్రం ఆ రక్షణ ఉండదు. పనితీరు సరిపోదని తేలితే కమిటీ శిక్షణకు పంపొచ్చు, అవసరమైతే కొన్ని రకాల పనుల మీద ఆంక్షలు పెట్టించొచ్చు. వృత్తి దుష్ప్రవర్తన జరిగి ఉండొచ్చనిపిస్తేనో, అసలు వృత్తికే పనికిరాని స్థితి అనిపిస్తేనో, పేరునూ ఆరోపణనూ విచారణ కమిటీకి పంపుతుంది. నేర్చుకోవడానికి ఒక గది, శిక్షకు వేరే గది, మధ్యలో గోడ. రోగుల తరఫున మాట్లాడేవాళ్లకు ఈ గోడ నచ్చకపోవచ్చు. తప్పు తెలిసీ దాస్తారా అని నిలదీయొచ్చు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ గోడ తీసేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మదింపు రోజున బల్ల మీద ఎంచి కూర్చిన రికార్డులుంటాయి, నోట్లో వకీలు నేర్పిన మాటలుంటాయి. లోపం అలాగే ఉంటుంది, అది బయటపడే దారి మాత్రం మూసుకుపోతుంది. ఇన్‌స్పెక్షన్ అనగానే రిజిస్టర్లు రాత్రికి రాత్రే తయారయ్యే మన కాలేజీల వ్యవహారం తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంత చేస్తే నాణ్యత నిజంగా పెరుగుతుందా? పెరుగుతుంది, కొద్దిగా. ఈ విషయంలో అతిగా ఆశ పెట్టేవాళ్లను నమ్మకూడదు. వైద్య వృత్తుల్లో పనిని పరిశీలించి ఫలితం చెప్పే పద్ధతి మీద 140 అధ్యయనాలను చూసిన 2012 నాటి కాక్రేన్ సమీక్షలో, చేయాల్సిన పని చేయాల్సినట్టు చేయడంలో వచ్చిన మెరుగుదల మధ్యస్థంగా 4.3 శాతం. పెదవి విరిచేముందు ఆ సమీక్షలోనే ఉన్న ఇంకో సంగతి చూడాలి. మొదట్లో పనితీరు బాగా తక్కువగా ఉన్నచోట, ఫలితాన్ని పైఅధికారో తోటివాడో చెప్పినచోట, ఒక్కసారితో వదిలేయకుండా మళ్లీ మళ్లీ చెప్పినచోట, ఏం మార్చుకోవాలో లక్ష్యం పెట్టి చెప్పినచోట లాభం ఎక్కువగా కనిపించింది. కాబట్టి నాణ్యతా కార్యక్రమం ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. అది ఎలా ఉందన్నదే ప్రశ్న. సంవత్సరానికోసారి ఆన్‌లైన్‌లో నింపే ఫారం ఒక్కటే ఉంటే అది నియంత్రణ కాదు, దస్త్రం. ఒంటారియో విధానంలోనూ నేను చూసే బలహీనత ఇదే. స్వీయ మదింపు అందరికీ, తోటివారి మదింపు ఎంపికైన కొందరికి. బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్టులను నియంత్రించే సంస్థ హెచ్‌సీపీసీ అయితే రెండేళ్లకోసారి రెన్యువల్ సమయంలో 2.5 శాతం మందిని ఎంచి, వాళ్ల నిరంతర విద్య వివరాలు చూస్తుంది. అంత చిన్న వల వేస్తే కొందరు కెరీర్ మొత్తం తగలకుండానే రిటైరవుతారు. ఒంటరిగా ప్రాక్టీసు చేసేవాళ్లు, చాలాకాలం విరామం తర్వాత తిరిగి వచ్చినవాళ్లు, ఫిర్యాదులు పదేపదే వచ్చినవాళ్లు లాంటివారిని ముందుగా ఎంచుకుని, మిగతావాళ్లకు లాటరీ పెట్టడం మేలు.

ఇక ఆర్థికవేత్తల అభ్యంతరం ఉంది, అది అన్నిటికంటే పదునైనది. లైసెన్సు పేరుతో వృత్తివాళ్లు తమ చుట్టూ కోట కట్టుకుంటారని, పోటీ తగ్గించి ధర పెంచుకుంటారని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లోనే రాశాడు. వైద్యుల లైసెన్సునే తప్పుబట్టాడు. 2015లో అమెరికా అధ్యక్ష కార్యాలయం వేసిన నివేదిక కూడా లైసెన్సుల వల్ల ధరలు పెరిగిన దాఖలాలు బలంగా ఉన్నాయని, నాణ్యత పెరిగిన దాఖలాలు బలహీనంగా ఉన్నాయని చెప్పింది. అప్పటికి అమెరికా కార్మికుల్లో నాలుగో వంతుకు పైగా ఏదో ఒక లైసెన్సు కింద ఉన్నారు. ఈ విమర్శను నేను తీసిపారేయను. పైగా అది నా వాదనకే బలం అనుకుంటాను. ఎందుకంటే ఆ లెక్కల్లో ఉన్న లైసెన్సులు చాలావరకు తలుపు దగ్గర ఆగిపోయేవే. లోపలికి రావడం కష్టం చేస్తాయి, వచ్చాక పట్టించుకోవు. అలాంటి లైసెన్సు వల్ల ధర పెరిగి నాణ్యత పెరగకపోవడంలో వింతేముంది? గుత్తాధిపత్యానికి మందు లైసెన్సు తీసేయడం కాదు, లైసెన్సు ఇచ్చే సంస్థను వృత్తి చేతుల్లోంచి కొంత బయటికి లాగడం. ఒంటారియోలో కాలేజీని నడిపే కౌన్సిల్‌లో దాదాపు సగం మంది ప్రభుత్వం నియమించే సామాన్య పౌరులు. వృత్తి ప్రయోజనాల కోసం పోరాడే అసోసియేషన్ వేరు, ప్రజల తరఫున పనిచేసే కాలేజీ వేరు. ఫిర్యాదు మీద కాలేజీ ఇచ్చిన నిర్ణయం నచ్చకపోతే బయటి బోర్డుకు వెళ్లొచ్చు. విదేశాల్లో చదివినవాళ్లకు నమోదులో అన్యాయం జరగకుండా చూడటానికి ఫెయిర్‌నెస్ కమిషనర్ అనే వేరే కార్యాలయమే ఉంది. విజయవాడ ఎన్టీఆర్ వర్సిటీ పట్టాతోనో, వరంగల్ కాళోజీ వర్సిటీ పట్టాతోనో అక్కడి ఫిజియోథెరపీ కాలేజీ గుమ్మం ముందు నిలబడే మన పిల్లలకు ఆ కార్యాలయం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఇన్ని కట్టుదిట్టాలున్నా జారిపోవచ్చని కెనడాలోనే మరో రాష్ట్రం చూపించింది. బ్రిటిష్ కొలంబియాలో దంతవైద్యుల నియంత్రణ సంస్థ పనితీరు మీద హ్యారీ కేటన్ అనే బ్రిటిష్ నిపుణుడితో విచారణ చేయించారు. 2019లో బయటికొచ్చిన ఆ నివేదిక, రోగుల భద్రత కంటే వృత్తి మర్యాదలకే ఆ సంస్థలో పెద్దపీట ఉందని మొహమాటం లేకుండా చెప్పింది. బోర్డులకు ఎన్నికలు జరగడాన్నీ తప్పుబట్టింది. ఓట్లు వేసేది వృత్తివాళ్లయినప్పుడు గెలిచినవాడు ఎవరికి జవాబుదారీ అవుతాడు? తర్వాత ఆ రాష్ట్రం 2022లో కొత్త చట్టం చేసింది. ఎన్నికల స్థానంలో నియామకాలు తెచ్చింది. చిన్న చిన్న కాలేజీలను కలిపేసి ఆరుకు తగ్గించింది. చిన్న వృత్తికి సొంత సంస్థ అంటే ఖర్చు భారమన్న అభ్యంతరానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. కార్యాలయం, వెబ్‌సైటు, లాయర్లు, విచారణ సిబ్బంది ఉమ్మడిగా ఉండొచ్చు. వృత్తి తెలిసినవాళ్లే చేయాల్సింది మదింపు ఒక్కటే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం పుట్టింది. కానీ దేశం మొత్తానికి ఆ వృత్తికి చట్టబద్ధమైన నియంత్రణ వచ్చింది 2021లో. మధ్యలో 66 ఏళ్లు. ఢిల్లీ, మహారాష్ట్ర లాంటి కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. 2021 మార్చి 28న రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ కమిషన్ చట్టం పది వర్గాల ఆరోగ్య వృత్తులను ఒక గొడుగు కిందికి తెచ్చింది. అందులో ఫిజియోథెరపీ ఒక వర్గం. ప్రతి రాష్ట్రంలో కౌన్సిల్ పెట్టాలి, నమోదు పుస్తకం నడపాలి, ప్రవేశానికీ లైసెన్సుకూ ఉమ్మడి పరీక్షలు పెట్టాలి. మూడేళ్లు గడిచాక, 2024 ఆగస్టు 12న, ఈ చట్టాన్ని రెండు నెలల్లో అమల్లోకి తెండని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అప్పటికి 14 రాష్ట్రాలే కౌన్సిళ్లు పెట్టాయని, పెట్టినచోట కూడా అవి పనిచేయడం లేదని కోర్టు ముందు తేలింది. చట్టంలో నిరంతర విద్య అన్న మాట ఉంది. కానీ నాణ్యతా కార్యక్రమంలో కనీసం ఇవి ఉండాలని ఒంటారియో చట్టంలా విడదీసి చెప్పే సెక్షన్ లేదు. అంటే అదంతా ఇకముందు రాయబోయే నిబంధనల చేతిలో ఉంది. ఆ నిబంధనలు ఎలా రాయకూడదో చూపించడానికి మన దగ్గరే పాఠాలున్నాయి. వైద్యులు అయిదేళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్య పొందాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెప్పింది. నర్సులకు అయిదేళ్లకు 150 గంటలని నర్సింగ్ కౌన్సిల్ పెట్టింది. రెండింటిలోనూ లెక్క గంటలది. హాలులో ఎంతసేపు కూర్చున్నారన్నది కొలుస్తాం, వార్డులో ఏం మారిందన్నది కొలవం. హాజరు సంతకం పెట్టి భోజనం వేళకు బయటపడే సదస్సుల గురించి వైద్యులే నవ్వుకుంటూ చెబుతారు.

ముందు దొంగ పట్టాలవాళ్లను పట్టుకోండి, ఉన్నవాళ్లను నమోదు చేయండి, ఈ నాణ్యత గొడవ తర్వాత చూసుకోవచ్చు అనేవాళ్లున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనలో మోకీలు మార్పిడి జరిగినవాళ్లూ, పక్షవాతం వచ్చినవాళ్లూ ఆస్పత్రి నుంచి ఇంటికి చేరాక రోజుకింత అని మాట్లాడుకుని ఇంటికి పిలిపించుకునే ఫిజియో పని ఎవరి కంటా పడదు. పడిపోయిన చెయ్యిని భుజం దగ్గర ఆసరా ఇవ్వకుండా పైకి లాగితే, పట్టు సడలి ఉన్న ఆ కీలు జారి కొత్త నొప్పి మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బు వల్ల వచ్చిన నొప్పే అనుకుంటారు, ఫిర్యాదు చేయాలని కూడా తోచదు. అలా లాగేవాడి దగ్గర అసలైన పట్టా ఉండొచ్చు, నమోదు సంఖ్య కూడా ఉండొచ్చు. నకిలీలను ఏరివేసే పని ఎంత బాగా చేసినా ఇతను ఆ వలలో పడడు. ఫిర్యాదుల మీద ఆధారపడే నియంత్రణకూ అందడు, ఎందుకంటే ఫిర్యాదే ఉండదు. అతని దగ్గరికి వెళ్లి ‘ఈ రోగికి మొదటి రోజు భుజం ఎలా ఉందో ఎక్కడ రాశారు?’ అని అడిగే మనిషి కావాలి. పైగా ఇది తర్వాత చేర్చుకోగలిగే అలంకారం కాదు. లక్షలమందికి జీవితకాలపు నమోదు ఇచ్చేశాక, ఇక నుంచి మదింపు ఉంటుందంటే కోర్టులు, ధర్నాలు తప్పవు. మొదటి నమోదు పత్రంలోనే గడువు, షరతులు రాస్తే గొడవ లేదు.

అందుకని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కౌన్సిళ్లు తమ నిబంధనలు రాసుకునేటప్పుడు నాలుగు విషయాల మీద గట్టిగా పట్టుబట్టాలి. నమోదు అయిదేళ్లకు మించి ఉండకూడదు. రెన్యువల్‌కు గంటల సర్టిఫికెట్లతో పాటు ఆ కాలంలో ఒక్కసారైనా తోటి నిపుణుడు కేసు రికార్డులు చూసి మాట్లాడిన మదింపు ఉండాలి. మొదట్లో అందరికీ కుదరకపోతే, ఇళ్లకు వెళ్లి వైద్యం చేసేవాళ్లతోనూ, ఒంటరి క్లినిక్‌లతోనూ మొదలుపెట్టాలి. ఆ మదింపులో తెలిసింది క్రమశిక్షణ విభాగానికి చేరకూడదన్న గోడ నిబంధనల్లోనే ఉండాలి, సర్క్యులర్లలో కాదు. నమోదు, ఆంక్షలు, చర్యల వివరాలు తెలుగులో వెతుక్కునేలా వెబ్‌సైటులో పెట్టాలి. మదింపు చేసేవాళ్లను ఎక్కడి నుంచి తెస్తారంటే, నిమ్స్ లాంటి బోధనాస్పత్రుల్లోనూ రెండు వర్సిటీల కింది కాలేజీల్లోనూ పనిచేస్తున్న సీనియర్ ఫిజియోలున్నారు. జిల్లా మార్చి జిల్లాకు పంపితే పరిచయాల మొహమాటం కొంత తగ్గుతుంది. వాళ్లకిచ్చే భత్యం రెన్యువల్ ఫీజులోంచి పోతుంది. ఆ ఫీజు ఎంత అన్నది కౌన్సిల్ ఏటా ఖర్చుల లెక్కతో సహా ప్రకటించాలి.